కొలనుకి రావద్దన్నాను

డబ్బు లేకుండా మా చలిదేశపు రాజధాని రేక్యవిక్ చూడడానికి వచ్చేవాళ్ళంటే నాకు మొదటినుంచీ లోకువే. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని ఊరికే అనలేదు. గిన్నెడు చేపల సూపు తాగితే పర్సు ఖాళీ అయ్యే ఊరికి, సంచీ నిండా జావ పొడి నింపుకుని ఎందుకు రావాలి? ఇంట్లో కూచుని బొమ్మల్లో చూసుకుంటే పోలేదా? అయినా వస్తారు. గుడారం వేసుకుని రెండు రోజులు గజగజ వణికి, మూడో రోజు మా వేణ్ణీళ్ళ ఈత కొలనుకి చేరతారు. ఈ ఊళ్ళో ఒళ్ళు వెచ్చబడే చోట్లన్నిటిలోకీ చవకైనది అదే మరి.

ఆ కొలనులో ఆడవాళ్ళ స్నానాల గదికి కాపలా నేను. ఈ కథ జరిగేనాటికి ముప్ఫై ఒక్క ఏళ్ళ నౌకరీ నాది. నీళ్ళలో దిగేముందు ప్రతి మనిషీ బట్టలన్నీ విప్పి సబ్బుతో ఒళ్ళు తోముకోవాలి. ఎక్కడెక్కడ తోముకోవాలో ఎర్ర మచ్చలు పెట్టిన మనిషి బొమ్మ గోడకి ఉంటుంది. మా పిల్లలు మూడేళ్ళకే నేర్చుకునే పని ఇది. పెద్ద పెద్ద చదువులు చదివి వచ్చిన పరాయి దేశపు ఆడవాళ్ళకి మాత్రం చేతకాదు. ఈతబట్టల మీదే నాలుగు చుక్కలు చల్లుకుని జారుకోబోతారు.

"ఏమమ్మా, గుడ్డకి సబ్బు పెట్టావు బాగానే ఉంది. ఒంటికెప్పుడు?" అంటాను.

"సిగ్గండీ" అంటారు. మురికికి లేని సిగ్గు వీళ్ళ ఒంటికెందుకో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ ఏడు జూన్ మొదట్లో రోస్వితా వచ్చింది. జర్మనీలో బ్రెమెన్ అనే ఊళ్ళో ట్రామ్ నడిపి రిటైరైన మనిషి. అరవై రెండేళ్ళుంటాయి. బక్కపలచటి ఒళ్ళు, మగవాడిలా కత్తిరించిన జుట్టు. ఓడలో సైకిలు వేసుకుని దేశానికి ఆ చివర దిగి, ఎదురుగాలిలో తొక్కుకుంటూ ఈ చివరికి వచ్చిందట. ఉదయం ఆరున్నరకి తలుపు తీసీ తీయగానే మొదటి టిక్కెట్టు ఆవిడదే. బట్టలు విప్పి, చక్కగా మడతపెట్టి, బొమ్మలో ఎర్ర మచ్చ ఉన్న చోటల్లా వరస తప్పకుండా తోముకుంది. కాలివేళ్ళ సందులు కూడా వదల్లేదు. తప్పు పడదామని పక్కనే నిలబడ్డ నాకు ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఆ నిమిషంలోనే నాకు ఆవిడంటే గిట్టకుండా పోయింది.

ఒక్క టిక్కెట్టు మీద నాలుగు గంటలుండేది. ఈత కొట్టేది, వేడి తొట్టిలో నానేది, మళ్ళీ ఈత కొట్టేది. వెళ్ళేటప్పుడు ఫ్లాస్కు నిండా వేణ్ణీళ్ళు పట్టుకునేది. దగ్గర్లోని బ్యాంకులో ఖాతాదారుల కోసం పెట్టిన కాఫీ తాగేది. రేవులో చేపలు ఎండబెట్టేవాళ్ళు పక్కన పడేసే తోకలు అడిగి తెచ్చుకునేది. ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. పైగా దాచుకోవడం కూడా లేదు, వేడి తొట్టిలో కూచుని మెడల్ వచ్చినట్టు చెప్పుకునేది. మా ఊరివాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. అందరికన్నా పెద్దగా నోరు తెరిచినవాడు నా తమ్ముడు స్టైనార్.

స్టైనార్ నాకన్నా మూడేళ్ళు చిన్న. ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపి, ఆ వసంతంలోనే మోకాళ్ళు పాడై మానేశాడు. పెళ్ళి చేసుకోలేదు. నేను చేసుకుని ఏడాదికే వదిలించుకున్నాను. అప్పటినుంచీ ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. రెండు గదులు, వంటిల్లు, కిటికీలోంచి వేలెడంత సముద్రం. ఒక్కరి సంపాదనతో ఈ ఊళ్ళో మెట్లకింద అర కూడా దొరకదు కాబట్టి కలిసి ఉంటున్నామని అందరికీ చెప్పేదాన్ని. అది సగమే నిజం. పొద్దున్న కాఫీ దగ్గర విసుక్కోవడానికి ఎదురుగా వాడు లేకపోతే నాకు రోజు మొదలవదు. వాడు నోట్లో నాలుక లేని మనిషి, నాది ఇద్దరికీ సరిపోయేది.

జూన్ చివర ఒక సాయంత్రం వాడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు.

"అక్కా, సముద్రం ఒడ్డున దీపస్తంభం దగ్గర రాళ్ళలో కాళ్ళు పెట్టుకునే వేణ్ణీళ్ళ గుంట ఉంది, నీకు తెలుసా?"

"తెలీకేం? చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"నాకు తెలీదు. నా బస్సు ఆఖరి స్టాపు దానికి పది నిమిషాల దూరం. ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడ బండి తిప్పుకుని వచ్చేశాను, ఒక్కసారీ దిగి చూడలేదు. రోస్వితా తీసుకెళ్ళింది."

"నీ ఊరు నీకు చూపించడానికి బ్రెమెన్ నుంచి మనిషి రావాలిట్రా?"

"వచ్చింది కదక్కా" అన్నాడు. వాడు వెటకారం చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. చెయ్యట్లేదు. సంతోషంగా ఉన్నాడు.

జులైలో భోజనానికి పిలుస్తానన్నాడు. "పిలువు, మనకేం!" అన్నాను. కాల్చిన గొర్రె తలలు తెచ్చాను. సగానికి చీల్చి, ఉడకబెట్టి, కన్నూ పళ్ళూ ఆవిడవైపు తిరిగి ఉండేలా పళ్ళెంలో పెట్టాను. విదేశీవాళ్ళు ఆ పళ్ళెం చూసి లేచిపోవడం నేను నాలుగైదుసార్లు చూశాను. ఒకడైతే మెట్లమీదే కక్కుకున్నాడు.

రోస్వితా కుర్చీ ముందుకు జరుపుకుంది. ముందు బుగ్గ తింది. తరవాత నాలుక. కన్ను ఎలా తియ్యాలో స్టైనార్‌ని అడిగి, తీసి తింది. దవడ ఎముక అద్దంలా శుభ్రం చేసి పక్కన పెట్టింది.

"పాపం, బాగా ఆకలి మీదున్నట్టున్నారు. మీ ఊళ్ళో తిండికి కరువా?" అన్నాను.

"ఆకలి కాదు, రుచి" అంది నవ్వి. "ఇందులో ఏలకులేమైనా వేశారా?"

"ఉప్పు తప్ప ఏమీ వెయ్యలేదు."

"అయితే మీ చెయ్యి మంచిదన్నమాట."

నేను ఇంకో పోటు పొడిచాను. "ఇంత కష్టపడి తిరగడం దేనికండీ? ఒక వారం హోటల్లో దర్జాగా ఉండి, నాలుగూ చూసి వెళ్ళిపోవచ్చుగా?"

"వారమే ఉండొచ్చు అలాగైతే" అంది. "మూడేళ్ళు దాచుకున్నాను రాగ్నా. ఆ డబ్బుతో దర్జాగా అయితే ఎనిమిది రోజులు. ఇలాగైతే మంచు పడేదాకా. నాకు ఎక్కువ రోజులు కావాలి." అని పళ్ళెం కేసి చూసి, "ఈ ఎముకలు పారేస్తారా? పారేసేటట్టయితే నాకివ్వండి, సూపు కాచుకుంటాను" అంది.

స్టైనార్ లేచి డబ్బా వెతికి ఇచ్చాడు. ఆ డబ్బా నాది, ఇవ్వనా అని కూడా అడగలేదు. నిజం చెప్పొద్దూ, నా జన్మలో నా వంటని అంత మర్యాదగా తిన్నవాళ్ళు లేరు. అందుకే ఒళ్ళు ఇంకా మండిపోయింది.

ఆగస్టులో మా ఊరి పండుగ రోజున, పాత వీధుల్లోవాళ్ళు తలుపులు బార్లా తీసిపెట్టి, దారినపోయే వాళ్ళందరికీ వేడి వేడి వాఫిల్ అట్లు పోసి పెడతారు. ఉత్తి పుణ్యానికే. ఎవరో తెలియని వాళ్ళ వంటింట్లో దూరి జామూ మీగడా నాకడం నాకు చిన్నప్పటినుంచీ అసహ్యం. స్టైనార్‌కీ అసహ్యమే అనుకునేదాన్ని, ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఇద్దరూ కలిసి ఏడిళ్ళు తిరిగారు. గడ్డానికి పంచదార పొడితో ఇంటికొచ్చి, "మూడో ఇంటాయన మన పక్క సందులోనే ముప్ఫై ఏళ్ళనుంచీ ఉంటున్నాట్ట, అక్కా. రోజూ నా బస్సెక్కేవాడు. పేరు ఇవాళ తెలిసింది" అన్నాడు.

అది సహించాను. మర్నాడు కొలనులో జుట్టు ఆరబెట్టుకుంటూ ఒకావిడ, "రాగ్నా, మీ తమ్ముడు పకపకా నవ్వుతుంటే చూశాను నిన్న! ఆయనకి పళ్ళున్నాయని మాకు తెలీనే తెలీదు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఇకిలించారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ నవ్వు నన్ను వారం రోజులు పొడిచింది. వాడు నవ్వడం నేను ఎప్పుడు చూశానా అని లెక్కపెట్టుకున్నాను. లెక్క ఎంతో వెనక్కి పోయింది. వీడు నన్నొదిలి పోతాడేమో అన్న భయం నాకు పుట్టింది అప్పుడే. పైకి మాత్రం, "చలి మొదలైతే పిట్టలు ఎగిరిపోతాయి, చూస్తూ ఉండండి" అన్నాను.

ఆగస్టు చివర నాలుగు రోజులు ఎడతెగని వాన. అయిదో రోజు పొద్దున్న, స్నానాల గది మూల ఉన్న చిన్న యంత్రం దబదబా కొట్టుకుని ఆగిపోయింది. ఈతబట్టల నీళ్ళు పిండడానికి పెట్టిన యంత్రం అది, పెద్ద కూజా అంత ఉంటుంది. ఈతబట్టలు తప్ప ఏమీ వెయ్యకూడదని పైన నాలుగు భాషల్లో రాసి ఉంది. మూత తీసి చెయ్యి పెట్టాను. తడి ఉన్ని. లాగితే రాదు. రెండు చేతులతో పట్టి పీకితే ఒక చెయ్యి వచ్చింది, తరవాత మెడ, తరవాత మిగతాది.

బూడిదరంగు స్వెటర్, భుజాల చుట్టూ తెల్లటి అల్లిక. ఎడమ భుజం మీద ఒక్క వరసలో కుట్టు తప్పింది. ఆ కుట్టు తప్పింది నా చేతిలోనే. మూడేళ్ళ కిందట చలికాలమంతా కూచుని స్టైనార్‌కి అల్లాను.

"నాదే, క్షమించండి" అని రోస్వితా తువ్వాలు చుట్టుకుని వచ్చింది. "గుడారంలో ఆరట్లేదు. గోరువెచ్చని నీళ్ళలో, మెల్లిగానే ఉతికాను. పిండడానికే దారి లేక ఇందులో వేశాను."

"ఇది మీకెక్కడిది?"

"స్టైనార్ ఇచ్చాడు, చలికి."

"వేసుకుని తిరిగివ్వమన్నాడా?"

"లేదు. ఇచ్చేశాడు" అంది మెల్లిగా.

పదిమంది ఆడవాళ్ళు సబ్బు చేత్తో పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు.

"నాలుగు భాషల్లో రాసుంది, ఒక్కటైనా మీకు రాదా?" అన్నాను.

"తప్పే. బాగుచేయించే ఖర్చు నేనిస్తాను."

"రోజుకి రెండు చేపతోకల మీద బతికే వాళ్ళ డబ్బు మాకొద్దు. ఈ వేసవి అయ్యేదాకా మళ్ళీ ఈ కొలనుకి రావద్దు."

ఆవిడ బయట వాన కేసి చూసింది. "సరే" అని, తడి స్వెటర్ మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. అంత తడిదాన్ని కూడా మడతపెట్టింది.

టిక్కెట్ల దగ్గర అమ్మాయికి చెప్పాను, ఈవిడకి టిక్కెట్టివ్వద్దని. మా మేనేజరు నాకు కొడుకయ్యే వయసువాడు, నా మాట కాదనే ధైర్యం వాడికి లేదు. ఊళ్ళో ఇంకా కొలనులున్నాయి. ఆ కాపలావాళ్ళంతా నాకు పాతికేళ్ళ స్నేహితులు. మధ్యాహ్నం లోపల ఒక్కొక్కళ్ళకీ ఫోను చేసి, పొట్టి జుట్టు జర్మన్ ఆవిడ యంత్రాలు పాడుచేస్తోందని చెప్పాను. వెచ్చటి చోటు లేకుండా, ఆ వానలో, ఆ గుడారంలో, ఆవిడ వారం కూడా ఉండలేదని నాకు తెలుసు. తెలిసే చేశాను. ఆ రాత్రి సుబ్బరంగా నిద్రపోయాను.

మూడో రోజు నాలుగింటికి పని ముగించుకుని ఇంటికొచ్చాను. స్నానాల గది తలుపు మూసి ఉంది. లోపల నీళ్ళ చప్పుడు. నడవలో స్టైనార్ తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవర్రా లోపల?"

"నువ్వు రావద్దన్నావటగా. ఇక్కడ చెయ్యమన్నాను."

"నన్నడక్కుండానా?"

వాడు తువ్వాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అద్దెలో సగం నాది అక్కా" అన్నాడు. "స్నానాల గదిలో కూడా సగం ఉంటుంది కదా."

వాడు నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. గొంతు కూడా పెంచలేదు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా సర్దాను.

ఆ రోజు వానలో ఆవిణ్ణి గుడారానికి పంపలేదు వాడు. తన గది ఆవిడకిచ్చి సోఫా మీద పడుకున్నాడు. మర్నాడూ సోఫానే. మూడో పొద్దున్న కాఫీ పెట్టడానికి లేచి చూస్తే సోఫా మీద దుప్పటి మడత విప్పకుండా ఉంది. మూడు కప్పులు పెట్టాను.

ఆ మూడు వారాలు నా ఇంట్లో నేను పరాయిదాన్నయ్యాను. మా దేశంలో భూమిలోంచి వచ్చే వేడికి కరువేముంది? హీటర్లు పూర్తిగా పెట్టుకుని, ఉక్కపోస్తే కిటికీ తీసుకుంటాం. ఆవిడ హీటరు తగ్గించి కిటికీలు మూసేది. నేను వెళ్ళి తీసేదాన్ని. మళ్ళీ మూసేది. "ఇంటి వేడితో ఊరు కాస్తున్నారు రాగ్నా" అనేది. స్టైనార్ కిటికీకీ హీటరుకీ మధ్య కూచుని ఫకాలున నవ్వేవాడు. గొర్రె ఎముకలతో ఆవిడ కాచిన సూపు బావుండేది. ఆ మాట నా నోటితో అనలేదు.

కొండ వాలుల్లో నల్లపళ్ళు కోసుకొచ్చారు ఇద్దరూ. పాత బస్సు డిపోకి వెళ్ళి, ఆవిడ ట్రాముల గురించీ వాడు బస్సుల గురించీ కుర్రాళ్ళకి కబుర్లు చెప్పొచ్చారు. పైసా ఖర్చు లేకుండా నా తమ్ముడు పుట్టిన ఊరంతా తిరిగాడు. నేను మాత్రం రోజూ స్నానాల గదిలో నిలబడి ఆడవాళ్ళ మీద అరిచాను.

సెప్టెంబరు చివర కొండల మీద మొదటి మంచు కనపడింది. ఆ శుక్రవారం పది గంటలకి టిక్కెట్ల అమ్మాయి వచ్చి, "మీ తమ్ముడు బయట ఉన్నారు, ఈతకి కాదట" అంది. వెళ్ళాను. కౌంటరు పక్కన పాత డ్రైవరు కోటులో నిలబడ్డాడు, కాళ్ళ దగ్గర ఒక సంచీ. గేటు బయట రోస్వితా సైకిలు పట్టుకుని ఉంది. లోపలికి రాలేదు. నేను రావద్దన్నాను కదా.

"తూర్పు రేవులో ఓడ. బస్సు పదిన్నరకి" అన్నాడు. "బ్రెమెన్‌లో ఆవిడకి గది, వంటిల్లు ఉన్నాయి. కొత్త సంవత్సరం దాకా నా వంతు అద్దె పంపిస్తాను. ఈలోగా నువ్వు ఏదో ఒకటి చూసుకోవచ్చు."

"ఎన్నాళ్ళనుంచి వేస్తున్నారీ పథకం?"

"పథకమేమీ లేదక్కా. మంచు పడగానే ఆవిడ వెళ్ళిపోయేదే. వేసవంతా తొట్టిలో కబుర్లు చెప్పుకుని, చెయ్యి ఊపి, నేను ఇంటికొచ్చేసేవాణ్ణి. ఇంటికి రమ్మని అడిగే ధైర్యం నాకెక్కడిది? నువ్వు వెళ్ళగొట్టావు కాబట్టి అడగాల్సొచ్చింది."

వాడు నన్ను దెప్పడానికి అనలేదు. ఉన్న మాట చెప్పాడు. ఆ మాట నా లోపలికి దిగుతూనే ఉంది, అంతలోనే వాడు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"ఉండమను. ఒక్కసారి నోరు తెరిచి ఉండరా అను, ఉండిపోతాను. ఆవిడకి చెప్పే లోపలికొచ్చాను."

నాకు ఉండమనాలనే ఉంది. కాళ్ళు పట్టుకోవాలని కూడా ఉంది. వాడు లేని ఆ వంటిల్లు, ఆ కాఫీ, ఎవరి మీదా విసుక్కోలేని ఆ పొద్దున్నలు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు కనపడ్డాయి. టిక్కెట్ల అమ్మాయి తల వంచుకుని వింటోంది. తలుపు దగ్గర జుట్టు తుడుచుకునేవాళ్ళు ఇద్దరు ఆగిపోయారు. నేను నోరు తెరిచాను.

"చేపతోకలు చీక్కుంటూ తిరిగేవాళ్ళని ఉండమని బతిమాలుకునే గతి నాకింకా పట్టలేదు. పోరా."

వాడు తల ఊపాడు. ఇదే అంటానని వాడికి ముందే తెలుసనుకుంటాను. సంచీ భుజానికి తగిలించుకుని, "వస్తానక్కా" అన్నాడు.

కౌంటరు నుంచి గేటు దాకా పాతిక అడుగులుంటాయి. మోకాళ్ళు బాగోలేని మనిషి, మెల్లిగా నడిచాడు. పిలిస్తే వినపడే దూరంలో చాలాసేపే ఉన్నాడు. నేను పిలవలేదు.